ఊపిరి లెక్క తేల్చిన హాల్డేన్

కోనసీమలో పుట్టినవాడికి నీళ్ళంటే భయం ఉండదంటారు. కొత్తపేట దగ్గర మా పలివెల సంగతే తీసుకోండి. కొప్పేశ్వరస్వామి గుడికి దణ్ణం పెట్టుకునే వయసు రాకముందే పిల్లలు కాలవలో ఈతకు దిగుతారు. ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి నీళ్ళలో ఉంటే వాడే ఆ రోజుకి మొనగాడు. కాస్త పెద్దయ్యాక గోదావరి మీద పడవల్లో వెళ్ళి, గుక్కెడు గాలితో మునిగి, బొక్కెనతో ఇసుక తీసుకొచ్చే వాళ్ళను చూస్తే, నీటి అడుగున పని చెయ్యడానికి గుండె ధైర్యం తప్ప మరేదీ అక్కర్లేదనిపిస్తుంది.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్ళే లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు గాని మనవాళ్ళకు ధైర్యం ఒక్కటే చాలదని తెలిసిరాలేదు. కాకినాడ నుంచి వచ్చిన బృందం, విశాఖ నుంచి వచ్చిన గజ ఈతగాళ్ళు ఎన్నో రోజులు శ్రమపడితే అక్టోబరు 22న లాంచీ గట్టుకు చేరింది. వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టం పెట్టుకుని గోదావరిలోకి దిగిన మనుషులను మన ప్రాంతం శ్రద్ధగా గమనించింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు మన కుర్రాళ్ళలో చాలామందికి విశాఖ సముద్రంలో స్కూబా నేర్చుకోవాలని సరదా. వాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: రెగ్యులేటర్ కొనాలంటే ఎంతవుతుంది, చవకలో ఏది వస్తుంది? మంచి ప్రశ్నే. విద్యార్థి జేబు సంగతి విద్యార్థికి తెలుసు. కాని ఎక్కడ పొదుపు చెయ్యొచ్చో, ఎక్కడ చెయ్యకూడదో చెప్పగలిగేది దుకాణదారు కాదు. నీటి అడుగున మనిషి ఊపిరికి ఏమవుతుందో తన ఒంటి మీదే పరీక్షించి లెక్క తేల్చిన ఒక మహానుభావుడున్నాడు. ఆయన కడపటి ప్రయాణం మన కాకినాడలోనే ముగిసింది. ఆయనే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో, సొరంగాల్లో, ఓడల్లో మనుషులు పీల్చే గాలిని పరీక్షించడం ఆయన వృత్తి. కొడుకును చిన్నతనం నుంచీ వెంట తిప్పుకునేవారు. ఒకసారి బొగ్గు గనిలో మండే వాయువు పేరుకున్న చోట పిల్లవాణ్ణి నిలబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికి పిల్లవాడి కాళ్ళు తేలిపోయి కింద కూలబడ్డాడు. నేల దగ్గర గాలి బాగుంది. మళ్ళీ తేరుకున్నాడు. ఆ వాయువు గాలికన్నా తేలికని, పైనే ఉంటుందని ఆ కుర్రవాడికి ఇంక ఏ పుస్తకమూ నేర్పనక్కర్లేకపోయింది.

పదమూడో ఏట స్కాట్లండు తీరంలో తండ్రి నౌకాదళం కోసం పరిశోధన చేస్తుంటే, పెద్దవాళ్ళ కోసం కుట్టిన గజ ఈతగాడి దుస్తులు వేసుకుని సముద్రంలో దిగాడు. దుస్తులు వదులై లోపలికి నీళ్ళు రాసాగాయి. అయినా కుర్రవాడు బెదరలేదు. మనిషికీ మృత్యువుకీ మధ్య ఉండే పనిముట్టు ఒంటికి సరిపడేలా ఉండాలన్న పాఠం మాత్రం అక్కడే మొదలైంది.

ఆ పరిశోధనల ఫలితాన్ని తండ్రి 1908లో ప్రకటించారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే మన గోలీసోడాను తల్చుకుంటే చాలు. గోలీ బిగించి ఉన్నంతసేపు నీళ్ళు నిశ్చలంగా ఉంటాయి. గోలీ నొక్కగానే బుసబుసమని బుడగలు. లోతు నీళ్ళలో ఒత్తిడికి గాలిలోని నత్రజని మన రక్తమాంసాల్లో కరుగుతుంది. ఒక్కసారిగా పైకి వచ్చేస్తే అది బుడగలై కీళ్ళలో, వెన్నుపాములో చిక్కుకుని మనిషిని కుంటివాణ్ణి చేస్తుంది, ప్రాణమూ తీయగలదు. మేకల మీద పరీక్షలు చేసి, మధ్యమధ్య ఆగుతూ ఎలా పైకి రావాలో తండ్రి పట్టిక తయారుచేశారు. ఈ రోజు గజ ఈతగాళ్ళు ముంజేతికి కట్టుకునే చిన్న కంప్యూటర్లు చేసే లెక్కకు మూలం అదే.

కొడుకు హాల్డేన్ ఈటన్‌లోనూ ఆక్స్‌ఫర్డులోనూ చదివారు. గణితం చదివారు, గ్రీకు లాటిన్ భాషలు చదివారు. విచిత్రమేమంటే, విజ్ఞానశాస్త్రంలో ఆయనకు డిగ్రీ లేనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరారు. 1915లో జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలినప్పుడు తండ్రితో కలిసి ఆ వాయువు నింపిన గదిలో కూర్చుని ముసుగులు పరీక్షించారు. తర్వాత మెసపొటేమియాలో గాయపడి చికిత్సకు భారతదేశం వచ్చారు. ఈ దేశం మీద మమకారం అప్పుడే నాటుకుంది.

యుద్ధానంతరం కేంబ్రిడ్జిలో జీవరసాయనం, ఆపైన లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం, జీవగణితం బోధించారు. డార్విన్ సిద్ధాంతాన్నీ మెండెల్ సూత్రాలనూ గణితంతో ముడివేసిన ముగ్గురు నలుగురిలో ఆయన ఒకరు. 1932లో వచ్చిన ఆయన పుస్తకం పరిణామవాద చరిత్రలో మైలురాయి. ఆయన్ను దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. కమ్యూనిస్టు పార్టీలో ఉండగా, సోవియట్ రష్యాలో లైసెంకో జన్యుశాస్త్రాన్ని అణగదొక్కుతుంటే గట్టిగా నోరు విప్పవలసిన రోజున ఆయన విప్పలేదు. ఆ మచ్చ ఉండనే ఉంది. ఒంటిని పణం పెట్టడానికి జంకని మనిషికి కూడా ఒక్కొక్కప్పుడు మాట పెగలదు.

ఇక మన విషయానికి వద్దాం. 1939 జూన్ 1న లివర్‌పూల్ దగ్గర సముద్రంలో థీటిస్ అనే కొత్త జలాంతర్గామి పరీక్షా ప్రయాణంలోనే మునిగిపోయింది. అందులో 103 మంది ఉన్నారు. బయటపడ్డది నలుగురు. మిగిలిన 99 మంది ఎలా చనిపోయారో తేల్చమని కార్మిక సంఘాలు హాల్డేన్‌ను అడిగాయి. ఆయన, మరో నలుగురు స్వచ్ఛందంగా ఉక్కు గదిలో తలుపు బిగించుకుని కూర్చున్నారు. విడిచిన గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చుతుంటే బొగ్గుపులుసు వాయువు పెరిగి, రొప్పు, తలనొప్పి, వాంతి. బుద్ధి మందగించి చిన్న పని కూడా తిన్నగా చెయ్యలేని స్థితి. ఆ నావికుల్ని ముందుగా లొంగదీసింది నీరు కాదు, వాళ్ళు విడిచిన ఊపిరే.

ఆ తర్వాత యుద్ధం పొడుగునా లండన్‌లో సీబ్ గార్మన్ కంపెనీ వారి ఒత్తిడి గదిలో హాల్డేన్ ప్రయోగాలు సాగాయి. గది అంటే బాయిలరు లాంటి ఇరుకు డబ్బా. సహాయకురాలిగా ఉండి తర్వాత భార్య అయిన హెలెన్ స్పర్వే, స్పెయిన్ మాజీ ప్రధాని నెగ్రీన్ కూడా ఆ డబ్బాలో కూర్చున్నవాళ్ళే. పది వాతావరణాల ఒత్తిడిలో మామూలు గాలి పీల్చితే కల్లు తాగినవాడి మాదిరి మనిషి తూలుతాడని, చిన్న లెక్కలు కూడా తప్పుతాడని పరీక్షలు పెట్టి చూశారు. ప్రాణవాయువు అన్నంత మాత్రాన అన్ని చోట్లా ప్రాణం పొయ్యదని, ఒత్తిడి పెరిగితే అదే విషమై మూర్ఛ తెప్పిస్తుందని అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు. అలాంటి ఒక మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు నలిగిపోయి, ఆ నొప్పి జీవితాంతం వెంట వచ్చింది. కర్ణభేరి చిల్లిపడితే చెవిలోంచి చుట్టపొగ వదిలి స్నేహితుల్ని నవ్వించేవారట.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1943లో, ఫ్రాన్సులో కుస్తో అనే నౌకాదళ అధికారి, గన్యాఁ అనే ఇంజనీరు కలిసి కొత్త పరికరం తయారుచేశారు. పెట్రోలు దొరక్క మోటారు కార్లను గ్యాసుతో నడిపే రోజులవి. అందుకోసం గన్యాఁ చేసిన వాల్వునే మనిషి ఊపిరికి అనువుగా మార్చారు. పీల్చినప్పుడే గాలి ఇస్తుంది, చుట్టూ నీటి ఒత్తిడి ఎంతో అంత ఒత్తిడితోనే ఇస్తుంది. అదే ఈనాటి రెగ్యులేటర్‌కు తాత. తర్వాత ఇంగ్లండులో దాన్ని తయారుచేసే హక్కు పొందినది హాల్డేన్ కూర్చున్న ఒత్తిడి గది గల ఆ సీబ్ గార్మన్ కంపెనీయే. హాల్డేన్ రెగ్యులేటర్ కనిపెట్టలేదు. అది ఏ మనిషికి గాలి అందించాలో ఆ మనిషి సంగతి తేల్చారు. కనుక కొనేముందు ఆయన పాఠాలతో బేరం చూద్దాం.

సిలిండరులో సుమారు 200 వాతావరణాల ఒత్తిడి ఉంటుంది. సిలిండరు మెడకు బిగించే మొదటి భాగం దాన్ని సుమారు పదికి తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో భాగం చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిచేస్తుంది. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం పెరుగుతుంది. అంటే 30 మీటర్ల లోతున నాలుగు. అక్కడ ఒక్కొక్క గుక్కకూ నాలుగింతల గాలి ఖర్చు, ఆ గాలి నాలుగింతలు చిక్కన. చవక రకం మొదటి భాగంలో సాదా పిస్టన్ ఉంటుంది. విడిభాగాలు తక్కువ, మొండి సరుకు. కాని సిలిండరు ఖాళీ అవుతున్నకొద్దీ, లోతు పెరుగుతున్నకొద్దీ పీల్చడం కాస్త బరువవుతుంది. ఖరీదు రకం బాలన్స్‌డ్ రెగ్యులేటర్‌లో ఆ తేడా తెలియదు. పీల్చడం కష్టమైతే మనిషి సరిగా విడవడు, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. థీటిస్ పాఠం ఇదే. తేలిగ్గా ఊపిరి ఆడటం విలాసం కాదు, బుద్ధి నిలబడటానికి ఆధారం. అందుచేత పది పన్నెండు మీటర్లు దాటననుకునేవాడికి సాదా పిస్టన్ చాలు. ఇంకా లోతుకు దిగి పని చేస్తాననేవాడు బాలన్స్‌డ్ రకం కొనేదాకా డబ్బు కూడబెట్టుకోవడమే మేలు.

పొదుపు ఎక్కడ చెయ్యొచ్చు? మంచు నీళ్ళ కోసం చేసిన ప్రత్యేక రకాలకు డబ్బు పొయ్యనక్కర్లేదు. మన బంగాళాఖాతం వెచ్చన. అయితే నదీముఖాల దగ్గర ఒండ్రు నీళ్ళలో దిగేవాడికి, లోపలికి మట్టి పోకుండా మూసి ఉన్న డయాఫ్రం రకం కొంత ఉపయోగం. తళతళలాడే రంగులకు, టైటానియం పేరుకు డబ్బు తగలెయ్యొద్దు. శిక్షణ కాలంలో అద్దె సామానే వాడుకుని, ముఖానికి అతికే కళ్ళద్దాలు మాత్రం సొంతంగా కొనుక్కుంటే చాలు. సిలిండరు మెడకు తగిలించే పద్ధతులు రెండు రకాలు. మనం వెళ్ళే చోట ఏది వాడతారో అడిగి గాని కొనకూడదు.

ఎక్కడ చెయ్యకూడదు? తోటివాడికి గాలి అందించే అదనపు రెండో భాగం, గాలి ఎంత మిగిలిందో చూపే మీటరు, ఈ రెండూ లేకుండా చవక అనుకోవద్దు. కంపెనీ చెప్పిన గడువులో సర్వీసింగు తప్పనిసరి. దాని విడిభాగాలు మన దేశంలో దొరుకుతాయా, మరమ్మతు చేసే శిక్షణ పొందిన మనిషి అందుబాటులో ఉన్నాడా అన్నది ధరకన్నా ముందు అడగాలి. పాత సరుకు కొంటే పూర్తి సర్వీసింగు ఖర్చు, కొత్త గొట్టాల ఖర్చు ధరలో కలుపుకుని చూస్తే, ఒక్కోసారి కొత్తదే చవక. వాడాక మంచినీళ్ళతో కడగడానికి డబ్బు పట్టదు. మూత బిగించి కడగడం, కడిగేటప్పుడు మీట నొక్కకపోవడం గుర్తుంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది. అది మన కోనసీమ వాళ్ళకే ఎక్కువ వర్తిస్తుంది. చిన్నప్పట్నుంచీ ఊపిరి బిగబట్టడం మనకు అలవాటు. గట్టున పీల్చిన గాలితో మునిగి తేలేవాడికి అందులో ముప్పు తక్కువ. కాని 10 మీటర్ల లోతున సిలిండరు గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు పరిమాణమై ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. కాలవలో మొనగాడైనవాడు సముద్రంలో ఆ మొనగాడితనం మరిచిపోవాలి. శిక్షణకు పెట్టే ఖర్చు రెగ్యులేటర్ ఖర్చుకన్నా ముందు రావడం అందుకే. ఎంత ఖరీదైన యంత్రమూ ఈ ఒక్క తప్పును కాయలేదు.

హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి మన దేశానికి వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ దాడికి నిరసనగా వచ్చానని ప్రకటించారు. కలకత్తాలో మహలనోబిస్ నడిపే గణాంక సంస్థలో చేరారు. ధోవతి కుర్తా కట్టారు, శాకాహారి అయ్యారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా కళ్ళూ కాగితమూ పెన్సిలూ ఉంటే మంచి పరిశోధన చెయ్యవచ్చని కుర్రవాళ్ళకు నేర్పారు. ఆ ప్రోత్సాహంతోనే డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు కొబ్బరిచెట్లలో ఆకులు కుడివైపు తిరిగేవెన్నో ఎడమవైపు తిరిగేవెన్నో లెక్కపెట్టారు. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనం ఎన్నడైనా ఆ లెక్క చూశామా? పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు హాల్డేన్ శిష్యుడై, మన ఆంధ్రదేశంలో మేనరికాల మీద పరిశోధించారు. తర్వాత గురువు జీవితచరిత్ర రాశారు.

1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు మారారు. మరుసటేడు క్యాన్సరు బయటపడింది. లండన్‌లో ఆపరేషను అయింది. ఆ జబ్బు మీద హాస్యపు పద్యం రాసి, జనం భయం మాని తొందరగా వైద్యుణ్ణి చూడాలని చాటారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. పదమూడో ఏట మొదలుపెట్టి జీవితమంతా ప్రయోగాలకిచ్చిన ఆ శరీరం, ప్రాణం పోయాక కూడా విద్యార్థులకు పాఠమైంది.

సోదర విద్యార్థులారా! పలివెల కాలవగట్టు నుంచి కాకినాడ ఎంతో దూరం కాదు. చవకబారు రెగ్యులేటర్ చేతికొచ్చినప్పుడు దాని ధర చీటీ చూసేముందు ఒక్క క్షణం ఆ మనిషిని తల్చుకోండి. ఆయన తన వెన్ను విరుచుకుని తెచ్చిన లెక్కలు మనకు ఉచితంగా అందుతున్నాయి. మన జేబు చిన్నదైతే లోతు తగ్గించుకుందాం, ఏడాది ఆగుదాం, అద్దెకు తెచ్చుకుందాం. ఊపిరి దగ్గర మాత్రం గీచిగీచి బేరమాడవద్దు.