కానరాని కిరణములను కనుగొనిన హెర్షెల్

ఇనుపతీగను ఒకేచోట పలుమారులు అటునిటు వంచినచో అది విరిగిపోవును. విరుగుటకు కొంచెము ముందు ఆ చోటును వేలితో తాకినవారికి వెచ్చదనము తెలియును. లోహమును వంచుటకు మనము వెచ్చించిన శక్తిలో అధికభాగము వేడిగా మారుటయే దీనికి కారణము. నేడు ఇంజనీర్లు యంత్రభాగములలో కలుగు ఇట్టి వేడిని తాకకయే, దూరమునుండి ప్రత్యేకమైన కెమేరాలతో చూడగలుగుచున్నారు. ఈ కెమేరాలు గ్రహించునవి పరారుణ కిరణములు. వీనిని మొట్టమొదట కనుగొనిన మహనీయుడు యంత్రములు నేర్చినవాడు కాడు. ఆయన సంగీతముచే జీవించి, నక్షత్రవిద్యచే ప్రసిద్ధి గాంచిన విలియం హెర్షెల్.

హెర్షెల్ 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీన జర్మనీదేశమందలి హనోవర్ నగరమున జన్మించెను. తండ్రి ఐజక్ సైనికవాద్యబృందమున వాద్యకాడు. సంపద లేకపోయినను ఆ యింట విద్యాగోష్ఠికి కొదువ లేకుండెను. విలియము చిన్ననాటనే వాద్యములు నేర్చి, తండ్రి పనిచేయు బృందముననే చేరెను. 1757లో ఫ్రెంచివారితో యుద్ధము సంభవించెను. ఆ యుద్ధపు టిక్కట్లు చూచిన పిమ్మట ఆయన అన్నతో కూడి ఇంగ్లండునకు వెడలిపోయెను. అప్పటికి వయస్సు పందొమ్మిది యేండ్లయినను నిండలేదు. సంగీతపత్రములకు నకళ్లు వ్రాసియు, పాఠములు చెప్పియు పొట్టపోసికొనెను. తుదకు 1766లో బాత్ నగరమందలి ఒక ప్రార్థనామందిరమున ఆర్గన్ వాయించు ఉద్యోగము లభించెను.

హనోవరులో ఆయన చెల్లెలు కరొలిన్ ఇంటిచాకిరిలోనే కాలము గడుపుచుండెను. బాల్యమున వచ్చిన విషజ్వరమువలన ఆమె ఎదుగుదల కుంటుపడెను. ఆమెకు చదువు అనవసరమని తల్లి తలంచెను. 1772లో విలియము స్వయముగా వెళ్లి, తల్లికి పనిమనిషి నుంచుకొనుటకు సొమ్ము ఏర్పరచి, చెల్లెలిని తనవెంట తీసికొని వచ్చెను. గానము, ఆంగ్లము, గణితము ఆమెకు తానే నేర్పెను. తరువాతి కాలమున ఆమె ఎనిమిది తోకచుక్కలను కనుగొని కీర్తి గాంచెను.

సంగీతశాస్త్రముద్వారా గణితమును, గణితముద్వారా ఖగోళశాస్త్రమును హెర్షెల్ చేరెను. మంచి దూరదర్శినిని కొనుటకు తగిన ధనము లేకపోవుటచే, దానిని తానే నిర్మింప బూనెను. రాగి, తగరము కలిపి కరగించి, దర్పణముగా పోతపోసి, గంటలకొలది నునుపు పెట్టవలెను. మెరుగు పెట్టుచుండగా నడుమ చేయి తీసినచో దర్పణము చెడునను భయముండెను. ఒకసారి ఆయన పదునారు గంటలు చేయి తీయక పనిచేసెను. అట్టి వేళల కరొలిన్ ఆయన నోటికి ముద్దలందించుచు, కథలు చదివి వినిపించుచుండెను.

1781వ సంవత్సరము మార్చి 13వ తేదీ రాత్రి, తాను చేసికొనిన దూరదర్శినితో ఆకాశమును పరిశీలించుచుండగా, చిన్న బింబమువంటి వెలుగొకటి హెర్షెల్ కంటబడెను. ఆయన దానిని మొదట తోకచుక్కగా భావించెను. పండితులు లెక్కలు కట్టి చూడగా అది శనికి ఆవల సూర్యుని చుట్టు తిరుగు కొత్త గ్రహమని తేలెను. అదియే యురేనస్. తొల్లిటి కాలమునుండి ఎఱిగిన గ్రహములకు క్రొత్తదానిని చేర్చినవాడు హెర్షెలే.

ఆ సంవత్సరమే వేసవియందు ఆయన ఇంతకంటె పెద్ద దర్పణమును తన ఇంటియందే పోతపోయ నెంచెను. మూసకు కావలసిన గుఱ్ఱపు లద్దెను కరొలిన్ రోట దంచి, జల్లెడపట్టి సిద్ధపరచెను. మొదటి దర్పణము చల్లారునప్పుడు పగిలెను. రెండవమారు కొలిమి కారి, కరిగిన లోహము రాతినేలపై ప్రవహించెను. ఆ వేడికి బండలు పగిలి పైకెగిరెను. అన్నదమ్ములును పనివారును ప్రాణములు దక్కించుకొని బయటకు పరుగెత్తిరి. హెర్షెల్ అలసటచే ఇటుకముక్కల కుప్పపై కూలబడెను. ఆయినను ఆయన పూనిక సడలలేదు. 1782లో రాజు మూడవ జార్జి ఏడాదికి 200 పౌనుల వేతనము నొసంగెను. సంగీతమున వచ్చు ఆదాయముకంటె అది తక్కువయైనను, హెర్షెల్ సంతోషముతో స్వీకరించి, పూర్తికాలమును ఆకాశపరిశోధనకే వినియోగించెను. 1789 నాటికి నలువది అడుగుల పొడవుగల మహాదూరదర్శినిని నిర్మించి, ఆ యేడే శనిగ్రహమునకు ఉపగ్రహములు మఱి రెండు కలవని చూపెను.

ఆయన చేసిన మఱియొక గొప్ప పని 1800వ సంవత్సరమున జరిగెను. సూర్యుని చూచునప్పుడు కంటికి హాని కలుగకుండ ఆయన పలు రంగుల గాజుపలకలను వాడుచుండెను. కొన్ని పలకలగుండ వెలుగు స్వల్పముగా వచ్చినను కంటికి వేడి తగులుచుండెను. మఱికొన్నిటిలో వెలుగు హెచ్చుగా నున్నను వేడి తక్కువగా నుండెను. రంగు నుబట్టి వేడి మారునేమో యని ఆయనకు సందేహము కలిగెను. సూర్యకాంతిని పట్టకముగుండ పంపి రంగులుగా విడదీసి, బుడ్డి నల్లబరచిన ఉష్ణమాపకము నొక్కొక్క రంగులో ఉంచెను. గదిలోని వేడి మారి లెక్క తప్పకుండ, కాంతి పడని చోట వేఱు ఉష్ణమాపకములను గూడ నిలిపెను. ఊదారంగులో సుమారు 2 ఫారన్‌హీట్ డిగ్రీలు, ఆకుపచ్చలో 3 డిగ్రీలకు పైగా, ఎఱుపులో దాదాపు 7 డిగ్రీలు వేడి పెరిగెను. అంతట ఆయన ఉష్ణమాపకమును ఎఱుపునకు ఆవల, ఏ రంగును కనబడని చోట నుంచెను. అక్కడను పాదరసము పైకెక్కెను! అర అంగుళము దూరమున పది నిమిషములలో ఆరు డిగ్రీలకు పైగా పెరిగెను. కంటికి కానరాని కిరణములు సూర్యునినుండి వచ్చుచున్నవని ఆయన గ్రహించెను. అవి వెలుగువలెనే పరావర్తనము చెందునని, వంగునని పెక్కు ప్రయోగములచే నిరూపించెను.

అయితే ఆ వేడికిరణములును వెలుగును ఒకే జాతివా, వేఱువేఱా అను ప్రశ్నకు మొదట ఒకే జాతివని తలంచిన హెర్షెల్, తుదకు వేఱని నిర్ణయించెను. ఆ నిర్ణయము సరికాదని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆయన ఊహ తప్పినను, కొలతలు మాత్రము చెక్కుచెదరలేదు. చూచినది చూచినట్లు వ్రాసియుంచుటవలననే తరువాతివారికి దారి దొరకెను.

ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ 1840లో మసి పూసి సారాయి తడిపిన కాగితముపై ఈ కిరణముల ముద్రను పట్టెను. 1850 ప్రాంతమున విలియం థామ్సన్, అనగా తరువాత కెల్విన్ ప్రభువైనవాడు, లోహమును తటాలున లాగినచో కొంచెము చల్లబడునని, అదిమినచో వేడెక్కునని గణితముచే చూపెను. ఉక్కుకడ్డీని చదరపు మిల్లీమీటరునకు 10 కిలోల బరువుచొప్పున లాగినను చల్లదనము డిగ్రీలో పదవవంతు మాత్రమే. నేటి పరారుణ కెమేరాలు అంతకంటె స్వల్పమైన భేదమును గూడ పట్టగలవు. పరీక్షించు లోహపుముక్కకు నల్లరంగు పూసి, యంత్రముతో వేగముగా లాగి వదలుచుందురు. హెర్షెల్ బుడ్డిని నల్లబరచుటవంటిదే ఈ పూత. మెఱయు లోహము తన వేడిని చక్కగా వెలువరింపదు. ఒత్తిడి హెచ్చుగానున్న చోట ఉష్ణోగ్రత హెచ్చుగా మారును. రంధ్రముల అంచులు, పగుళ్ల కొనలు చిత్రమున స్పష్టముగా కనబడును. లోహము తన హద్దు మీఱి సాగినచో, అచ్చట వేడి పుట్టి నిలుచును. ఈ విధముగా, లోహము విరుగకముందే దాని బలహీనత బయటపడును. వంతెనలయందును విమానములయందును ఇట్టి ముందెఱుక మనుష్యుల ప్రాణములను కాపాడగలదు.

హెర్షెల్ 1822వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, ఎనుబదిమూడు యేండ్ల వయస్సున, స్లౌ పట్టణమందలి తన గృహమున కన్నుమూసెను. ఆయన కనుగొనిన యురేనస్ సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు 84 యేండ్లు పట్టును. ఆయన జీవితకాలమును దాదాపు అంతియే. 2009లో ఐరోపావారు ఆకాశమునకు పంపిన పరారుణ దూరదర్శినికి ఆయన పేరే పెట్టిరి. అది 2013 వరకు పనిచేసెను. వెలుగు లేనిచోట ఏమియు లేదని తలంచి వెనుదిరుగక, అక్కడను ఒక ఉష్ణమాపకము నుంచి కొలిచి చూచిన ఆయన శ్రద్ధ విద్యార్థు లందఱికిని అనుసరణీయము.