బసవన్న మీద పాట కట్టిన చిత్రకారుడు

లేపాక్షి నంది ముందు ఫొటో దిగని పిల్లలు మన స్కూల్లో తక్కువే. ఆ రాతి బసవన్న మీద పాట కట్టిన అడివి బాపిరాజు గారు మాత్రం సీమవారు కారు. 1895లో భీమవరం దగ్గర పుట్టారు.

రాజమండ్రి కాలేజీలో ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన్ని బొమ్మల వైపు నడిపించారు. దామెర్ల రామారావు కూడా ఆ దొర శిష్యుడే. సహాయ నిరాకరణలో జైలుకెళ్లొచ్చాక బాపిరాజు బి.ఎల్. చదివి భీమవరంలో ప్లీడరయ్యారు. ఆ రోజుల్లో ప్లీడరంటే ఇప్పటి ఐఐటీ సీటంత గొప్ప! దాన్ని వదిలేసి, 1934లో బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లారు.

ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర ఆయన నేర్చినది బెంగాలీ పద్ధతి. కాగితం తడపాలి, పలుచగా రంగు వేయాలి, ఆరనివ్వాలి, మళ్లీ తడపాలి. అరగంట డ్రాయింగ్ పీరియడ్‌లో అయ్యే పని కాదు. 'శబ్దబ్రహ్మ' లాంటి భక్తి చిత్రాలు వేసిన చేత్తోనే శాతవాహనుల కాలాన్ని 'హిమబిందు' నవలగా రాశారు.

1951లో మద్రాసు ప్రభుత్వం కోరగా సింహళం వెళ్లి సిగిరియా కుడ్యచిత్రాలకు నకళ్లు వేశారు. అప్పటికే పేరు మోసిన మనిషి. అయినా పేరు తెలియని పాతకాలపు చిత్రకారుల గీత వెంట ఓపిగ్గా గీత గీశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కన్నుమూశారు.

ఈసారి లేపాక్షి వెళ్తే నంది దగ్గరే ఆగకండి. వీరభద్రాలయం మండపంలో తలెత్తి చూడమనండి. విజయనగర కాలపు బొమ్మల్లో చీరల డిజైన్లు ఎన్ని రకాలో పిల్లల్నే లెక్కపెట్టనివ్వండి. ఫోన్ మీ దగ్గరుంచుకుని, వాళ్ల చేతికి పెన్సిలు, స్కెచ్‌బుక్ ఇవ్వండి.