ఆర్చిబాల్డ్ బ్లెయిర్

అండమాను దీవులలోని ప్రధాన రేవుపట్టణము 1858 నుండి 2024 వరకు ఆర్చిబాల్డ్ బ్లెయిరు పేరనే పిలువబడెను. అతడు రాజప్రతినిధి కాడు, సేనాపతి కాడు. ఈస్టిండియా కంపెనీవారి బొంబాయి నౌకాదళమున 1771లో చేరి లెఫ్టినెంటైన ఉద్యోగి. సముద్రపు లోతులు కొలిచి పటములు వ్రాయుట అతని వృత్తి.

ఆ దినములలో తూర్పుతీరమున కంపెనీవారికొక పెద్ద చిక్కు కలదు. చెన్నపట్టణమునందుగాని, మచిలీపట్టణమునందుగాని యుద్ధనౌకలు ఒడ్డునకు దూరముగా నడిసముద్రముననే లంగరు దించవలసియుండెను. ఈశాన్య ఋతుపవనపు తుపానులు లేచు కాలమున అట్లు నిలుచుట ప్రాణాపాయము గనుక, నౌకలు బొంబాయికి తరలిపోవలసివచ్చెడిది. ఆ నెలలలో తీరము రక్షణలేనిదగును. 1782లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ తిరుకోణమలను పట్టుకొనగా ఈ లోపము తేటతెల్లమయ్యెను. బంగాళాఖాతమున సురక్షితమైన రేవొకటి కావలెను. కాని యుద్ధములచే అప్పులపాలైన కంపెనీకి అది స్వల్పవ్యయముతో సమకూడవలెను.

గవర్నరు జనరలు కారన్‌వాలిసు ప్రభుత్వపు ఆజ్ఞపై బ్లెయిరు 1788 డిసెంబరులో బయలుదేరి అండమాను తీరములను చుట్టి పరిశోధించెను. 1789 జూనులో నివేదిక సమర్పించెను. దక్షిణ అండమానులో తాను గుర్తించిన రేవునందు, ఆ సంవత్సరము సెప్టెంబరులో, చాథం దీవిపై వలస నెలకొల్పెను. పెద్ద కోటలు, భారీ సైన్యము లేవు. అడవి నరికించి, ఇండ్లు కట్టించి, కాయగూరల తోటలు వేయించి కొలదిమందితోనే పని నడపెను. వలస సుఖముగానే సాగుచుండెను.

కాని నౌకాదళాధిపతియు, గవర్నరు జనరలునకు సోదరుడునగు విలియం కారన్‌వాలిసు దృష్టి ఉత్తర అండమానులోని ఈశాన్యపు రేవుపై పడెను. గొప్ప నౌకాసమూహములకు అదియే తగినదని తలంచిరి. 1792 చివర వలసనంతయు అటకు తరలింపవలసినదిగా ఉత్తరువైనది. బ్లెయిరు ఆజ్ఞ పాటించెను. మూడేండ్ల శ్రమ వెనుక విడువబడెను. 1793లో మేజరు అలెగ్జాండరు కిడ్ అధికారము స్వీకరించెను. ఆ యేడే ఫ్రాన్సుతో యుద్ధము మొదలగుటచే రక్షణవ్యయము హెచ్చెను. జ్వరములు ప్రబలి జనులు మరణింపసాగిరి. నీటిలోతును, నౌకల సంఖ్యను ఎంచినవారు నేలయొక్క ఆరోగ్యమును ఎంచలేదు. ఖర్చునకును, ప్రాణనష్టమునకును ఓర్వలేక 1796లో ప్రభుత్వమువారు వలసను మూసివేసిరి. అప్పటికి మిగిలియున్న 270 మంది ఖైదీలు పినాంగునకును, 550 మంది వంగదేశీయులు స్వదేశమునకును పంపబడిరి.

బ్లెయిరు 1815లో మరణించెను. 1857 తిరుగుబాటు పిమ్మట ఖైదీల వలసకై తగు స్థలము వెదకిన సంఘమువారు అతడు ఎన్నుకొన్న తొలి రేవునే మరల ఎన్నుకొని, దానికి అతని పేరుంచిరి. 2024లో ఆ పట్టణమునకు శ్రీ విజయపురమను పేరు వచ్చినది. 2001లో త్రివిధ దళముల ఉమ్మడి కమాండు నెలకొల్పబడినదియు ఆ రేవునందే. పటము వ్రాసినవాని పేరు తొలగినను, అతడు చూపిన తావు మాత్రము మారలేదు.