ఎరిక్ లిడ్డెల్ : పరుగునకును మితము కలదు

చీరాల వాసులకు 1921వ సంవత్సరము మరపురానిది. మునిసిపాలిటీ పన్నుల నొల్లక చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొని కాపురముండిరి. వారి నాయకులగు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివినవారు. ఆ సంవత్సరముననే, ఆ విశ్వవిద్యాలయపు ఆటల పోటీలలో ఎరిక్ లిడ్డెల్ అను విద్యార్థి మొదటిసారి పరుగెత్తెను.

ఈయన 1902వ సంవత్సరము జనవరి 16వ తేదీన చైనా దేశమందలి టియెన్‌త్సిన్ పట్టణమున మిషనరీ దంపతులకు జన్మించెను. విద్య ఇంగ్లండులో సాగెను. 1921వ సంవత్సరపు పోటీలకు ముందు ఈయన మిత్రులతో కూడి బెన్ నెవిస్ పర్వతమునకు కొన్ని దినములు సైకిలుపై వెళ్లి వచ్చెను. కాళ్లు బిగిసిపోయెను. అయినను 100 గజముల పందెము గెలిచెను. 220 గజములలో కొద్దిపాటి తేడాతో రెండవవాడయ్యెను. ఎంత శ్రమపడినను అది తగిన శ్రమ కానిచో పరుగునకు మేలు చేయదని ఆయనకు బోధపడెను.

పిమ్మట టామ్ మెకర్చర్ అను శిక్షకుడు ఈయనను చేపట్టెను. అభ్యాసస్థలమున పరుగువారు మునివ్రేళ్లపై గంతులిడుట చూచి లిడ్డెల్ మొదట నవ్వుకొనెను. మెకర్చర్ మాత్రము ఈయన కాళ్లను తడవి చూచి, కండలు మిక్కిలి గట్టిపడినవనియు, వానిని మర్దనముచే సడలింపనిచో ఏదో యొకనాడు పరుగు ప్రారంభమున తెగుననియు హెచ్చరించెను. గమ్యము చేరినంతనే దిగ్గున నిలువక క్రమముగా వేగము తగ్గించుకొనవలెనని నేర్పెను. నవ్విన శిష్యుడే శ్రద్ధతో ఆచరించెను.

1924వ సంవత్సరపు పారిస్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారమున పడెను. ఈ సంగతి కొన్ని మాసములు ముందే తెలియుటచే, ఆదివారము పరుగెత్తననెడి నియమముగల లిడ్డెల్ ఆ పందెము మాని 400 మీటర్లకు సాధన చేసెను. జూలై 10, 11 తేదీలలో నాలుగు పర్యాయములు పరుగెత్తవలసివచ్చెను. మొదటిసారి 50.2, పిమ్మట 49.3, ఆపై 48.2 సెకండ్లు, కడపట 47.6 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. ఉన్న బలమంతయు మొదటి పరుగుననే వెచ్చింపలేదని ఈ లెక్కలే చెప్పుచున్నవి. అదే తుదిపందెమున గై బట్లర్ అను ఇంగ్లీషువాడు తొడకు గాయమగుటచే వంగి బయలుదేరలేక, నిలుచుండియే ప్రారంభించి మూడవవాడయ్యెను.

1925వ సంవత్సరమున లిడ్డెల్ చైనాకు పోయి టియెన్‌త్సిన్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. యుద్ధకాలమున జపానువారు ఈయనను వైహ్సియన్ నిర్బంధ శిబిరమున నుంచిరి. అచ్చటి పిల్లలకు పాఠములు చెప్పెను, ఆటలాడించెను. పాతబడిన తన పరుగు జోళ్లను ఒక బాలునికిచ్చెను. 1945వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన మెదడులోని కంతివలన నచ్చటనే మరణించెను. వయస్సు 43 సంవత్సరములు.

విద్యార్థులారా! ఏడాదియంతయు ఊరకుండి, ఆటల పండుగకు వారము ముందు ప్రతిదినము ప్రాణమొడ్డి పరుగెత్తువారు మనలో లేరా? తొడ కండ పట్టివేసి, పందెమునాడు గట్టున కూర్చుండి చూచువారు వారే. దూరమును వేగమును ఒక్కమారే పెంచరాదు. వేగముగా పరుగెత్తిన మరునాడు మెల్లని నడకయో విశ్రాంతియో కావలెను. ఒడలు వెచ్చబడక పూర్తి వేగమునకు పోరాదు. నొప్పి కలిగిననాడు దాచక ఉపాధ్యాయునకు తెలుపవలెను. తలిదండ్రులును బిడ్డ విశ్రమించుటను సోమరితనమని యెంచకుందురుగాక! ఓడరేవు ఇసుకలో పది పర్యాయములు పరుగెత్తగల బాలుడు ఎనిమిదింటితో నిలుపుట పిరికితనము కాదు. మరునాటి పరుగునకు అది పెట్టుబడి.