పందిట్లో విన్న ఘంటసాల

వీధిలో ఘంటసాల గొంతు భగవద్గీత చదువుతూ వినిపించిందంటే, ఇప్పటి పిల్లలు అడిగే మొదటి మాట ఎవరు పోయారని. మా నంద్యాలలోనే కాదు, ఏ ఊళ్లోనైనా ఇంతే. శవయాత్ర బండి కదిలితే ఆ రికార్డు పెట్టాల్సిందే. పోయినవాళ్లకి అదొక గౌరవం, కాదనను. కానీ పాతికేళ్లకు పైగా తెలుగువాళ్ల పెళ్లిపందిళ్లలో, తిరునాళ్లలో, రేడియోల్లో నవ్వించి ఏడిపించిన ఆ గొంతు చివరికి చావు కబురు చెప్పే గొంతుగా మిగిలిపోతోందే అని నాకు దిగులు. మీలో కొందరికైనా అలా అనిపించే ఉంటుంది.

ఆయన్ని ఎదురుగా కూచుని విన్నవాళ్లకి మాత్రం ఆ గొంతు వేరు. అలాంటివాళ్లు మన చుట్టూ ఇంకా కొందరున్నారు. ఎంత చిన్నవాళ్లనుకున్నా అరవై దాటినవాళ్లు. వాళ్లని కదిలిస్తే పాటల పేర్లు తర్వాత చెబుతారు. ముందు ఆ రోజు ఏ చీర కట్టుకున్నారో, ఎవరితో వెళ్లారో, ఎక్కడ కూచున్నారో చెబుతారు. మా ఆళ్లగడ్డ అవ్వ అలాగే చెప్పేది. మా వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ ఇప్పటికీ అలాగే చెబుతారు. వాళ్ల మాటలు విన్నాకే నాకు ఆ మనిషి జీవితం గురించి తెలుసుకోవాలనిపించింది.

తండ్రి భుజం మీద మొదలైన పాట

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకుని భుజాన వేసుకుని భజనలకి తీసుకెళ్లేవారు. తండ్రి పాడుతుంటే పిల్లవాడు ఆడేవాడు. ఊళ్లవాళ్లు ముచ్చటపడి బాల భరతుడని పిలిచేవాళ్లట. తన కొడుకు పెద్ద సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆ తండ్రి కోరిక. ఆ కోరిక చెప్పుకునే కన్నుమూశారు. తల్లి రత్తమ్మకి, పిల్లలకి మేనమామే దిక్కయ్యాడు.

ఒకసారి దగ్గరి ఊళ్లో జరిగిన కచేరీలో ఈ కుర్రవాడు విద్వాంసులతో పోటీకి దిగాడు. ఓడిపోయాడు. జనం నవ్వారు. పదిమంది ముందు నవ్వులపాలైన పిల్లలు సాధారణంగా ఆ దారే వదిలేస్తారు. ఇతను మాత్రం సంగీతం నేర్చుకుని తీరాలని పట్టుబట్టాడు. తెలిసిన సంగీతజ్ఞుల ఇళ్లలో ఉండి పనులు చేశాడు. బట్టలుతికాడు, వంట చేశాడు. చాకిరీ మిగిలింది గానీ చదువు వంటబట్టలేదు. చివరికి వేలి ఉంగరాన్ని వచ్చిన ధరకి అమ్ముకుని, ఇంట్లో చెప్పకుండా విజయనగరం బయల్దేరాడు.

జోలె పట్టిన వీధులు

విజయనగరం చేరేసరికి మహారాజా వారి సంగీత కళాశాలకి వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామినాయుడు గారు దయతలచి కాలేజీలో ఉండనిచ్చారు. అంతలో తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఇతని మీద పడింది. ఉన్న నీడ కూడా పోయింది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి, కానీ అడగకుండా సంగీతం చెప్పారు. గురువుగారిదీ కలిగిన సంసారం కాదు. చదువు దొరికింది, అన్నం మాటేమిటి?

మధూకరం ఎత్తాడు. ఈ కాలం పిల్లలకి ఆ మాట తెలియదేమో. చదువుకునే పేద కుర్రాళ్లు జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్లి, వండిన అన్నం అడిగి తెచ్చుకోవడం. తేనెటీగ పువ్వు పువ్వు దగ్గరా కాస్త కాస్త తెచ్చుకున్నట్టు. పొద్దున తెచ్చిన దాంట్లోనే రాత్రికి కొంత గుడ్డలో మూటగట్టి ఉంచుకుంటే చీమలు పట్టేవి. ఒక గిన్నె కొనుక్కునే స్తోమత లేదు. మేనమామకి ఉత్తరం రాస్తే ఆయన డబ్బు పంపాడు. దాంతో ఒక డబ్బా కొనుక్కుని అన్నం అందులో దాచుకునేవాడు.

నేనైతే ఇక్కడ కాసేపు ఆగిపోతాను. ఆ జోలెలో అన్నం వేసిందెవరు? మనలాంటి ఇల్లాళ్లే కదా. ఇంట్లోవాళ్లకి వడ్డించాక గిన్నెలో మిగిలింది చూసుకుని, తన వంతులోంచి ఒక గరిటె తీసి పెట్టినవాళ్లే. వాళ్లలో ఒక్కరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. తమ అన్నం తిన్న కుర్రవాడి గొంతు ఇరవై ఏళ్ల తర్వాత తమ ఇంటి రేడియోలో పలుకుతుంటే, ఇతనే ఆ పిల్లవాడని వాళ్లలో ఎందరు గుర్తుపట్టారో! ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా మా అవ్వ, గడప ముందు నిలబడినవాణ్ణి ఉత్తచేతుల్తో పంపకూడదని మాకు సుద్దులు చెప్పేది. నాలుగేళ్ల చదువుని ఆయన రెండేళ్లలో పూర్తి చేశాడట.

సొంత పెళ్లికి సొంత కచేరీ

ఊరికి తిరిగొచ్చి పండుగలకి, ఉత్సవాలకి పాడుతూ, పిల్లలకి సంగీతం చెబుతూ ఉండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగితే పట్టుకెళ్లి బళ్లారిలోని ఆలీపూర్ జైల్లో పెట్టారు. మా నంద్యాలలో రైలెక్కితే గుంతకల్లు దాటాక వచ్చే బళ్లారే. ఆయన మన వైపు గడిపిన రోజులు అలా కటకటాల వెనక గడిచాయన్నమాట.

బయటికొచ్చాక 1944 మార్చి 4న మేనకోడలైన సావిత్రిని పెళ్లి చేసుకున్నారు. ఆ సాయంత్రం పెళ్లిపందిట్లో కచేరీ ఎవరిదనుకున్నారు? పెళ్లికొడుకుదే. తన పెళ్లికి తనే పాడి వచ్చినవాళ్లందర్నీ ఆశ్చర్యపరిచారు. ఈ సంగతి విన్నప్పటి నుంచీ నాకు ఆ పెళ్లికూతురే కళ్లముందు మెదులుతుంది. పసుపు బట్టలతో, తలొంచుకుని కూచుని, ఈ గొంతుతోటే నా కాపురం అనుకుని ఉంటుంది కదూ.

సముద్రాల రాఘవాచార్య గారి మాట సాయంతో మద్రాసు చేరారు. వాళ్ల చిన్న ఇంటికి భారం కాకూడదని, పగలంతా అవకాశాల కోసం తిరిగి రాత్రిళ్లు పానగల్ పార్కులో పడుకునేవారు. ముందు రేడియోలో పాడారు. సినిమాల్లో బృందగానాల్లో గొంతు కలిపారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడారు. ఆ తర్వాత సంగీతం కూడా ఆయనే కట్టడం మొదలైంది. 1949లో మనదేశం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్... ఆ వరస మీకు నేను చెప్పాలా?

పద్యానికి ప్రాణం

మన రాయలసీమలో పద్యమంటే నాటకం. హార్మోనియం ముందు నిలబడి, పద్యం చివర రాగం ఎంతసేపు లాగితే అన్ని ఒన్స్‌మోర్‌లు. అందులో గొప్పతనం ఉంది, కాదనలేం. అయితే రాగం సాగేకొద్దీ మాట వెనకబడిపోయేది. ఘంటసాల వచ్చి ఆ సాగదీత తగ్గించారు. మాటని మాటలాగే పలికి, అర్థం తెగకుండా, ఎక్కడ గుండె కరగాలో అక్కడ మాత్రం రాగాన్ని కాస్త తాకించి వదిలారు. చదువురాని మనిషికి కూడా పద్యం అర్థమైంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం ఆయన గొంతులో రికార్డుగా వచ్చాక, పూలు కోసేటప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్న ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

మా వీధి టీచరమ్మ బెజవాడలో చదువుకునే రోజుల్లో ఒక పందిట్లో ఆయన కచేరీ విన్నారు. ఆడవాళ్లకి ఒక పక్క చాపలు వేశారట. తెల్లటి పంచె, లాల్చీతో వచ్చి, దణ్ణం పెట్టి, హడావిడేమీ లేకుండా కూచున్నారట. జనంలోంచి చీటీలు వెళ్తుంటే ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టుకున్నారట. ఈవిడా ఒక చీటీ రాశారు గానీ పంపడానికి సిగ్గేసింది. చీర కొంగున కట్టేసుకున్నారు. చివరికి అదే పద్యం ఎవరో అడగ్గా ఆయన పాడారు. పాడుతున్నంతసేపూ పందిట్లో చంటిపిల్లల చప్పుడు తప్ప మరేదీ లేదంటారావిడ. ఆ చీటీని మాత్రం చాలా ఏళ్లు దాచుకున్నారు. భర్తకి కూడా చూపించలేదట!

చిత్రాన్నం మూటతో స్టేడియానికి

ఇక మా అవ్వ కథ. 1970లో ఘంటసాల పాటకి పాతికేళ్లు నిండిన సందర్భంగా హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో రజతోత్సవం చేశారు. పద్మశ్రీ వచ్చిందీ ఆ ఏడాదే. ఆళ్లగడ్డలో మైక్‌సెట్టు అద్దెకిచ్చే మనిషి ఈ కబురు మోసుకొచ్చాడు. అవ్వ వెళ్దామంది. తాత కుదరదన్నాడు. పెళ్లి కాదు, పేరంటం కాదు, అహోబిలం తిరునాళ్ల కాదు, ఒక పాటగాడి కోసం ఆడమనిషి అంత దూరం పోతుందా అని ఇంట్లో అందరూ నోరు నొక్కుకున్నారు. అవ్వ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పాలమ్మి దాచుకున్న డబ్బు తెచ్చి తాత ముందు పెట్టింది. బస్సు చార్జీలకి ఇద్దరికీ సరిపోయింది.

మా అమ్మనీ మామనీ పక్కింటి వాళ్ల దగ్గర వదిలి, చిత్రాన్నం మూట కట్టుకుని బయల్దేరారు. నంద్యాల, కర్నూలు, అక్కణ్ణించి హైదరాబాదు. స్టేడియంలో ఎక్కడో దూరాన చోటు దొరికింది. అక్కడికి ఘంటసాల బొటనవేలంత కనబడ్డాడట. గొంతు మాత్రం చెవి పక్కనే. ఏ పాటలు పాడారంటే అవ్వ ఒక్కోసారి ఒక్కో వరస చెప్పేది. మేము నవ్వితే, పాటలు లెక్కపెట్టడానికి పోయినానా అని కసురుకునేది. ఆమెకి బాగా గుర్తున్నది ఒకటే. పక్కన కూచున్న ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఏడుస్తున్నారు. తనూ ఏడుస్తోంది. మధ్యలో చిత్రాన్నం మూట విప్పి అందరూ తలా పిడికెడు తిన్నారు. కష్టమొస్తే ఏడవడం తెలుసు గానీ, సంతోషానికి పదిమందిలో కూచుని ఏడవచ్చని ఆ రోజే తెలిసిందని చెప్పేది.

ఆ మరుసటి ఏడాది, 1971లో, ఆయన అమెరికా, ఐరోపా దేశాలు వెళ్లి అక్కడి తెలుగువాళ్లకి కచేరీలు చేసి వచ్చారు. గురువు సీతారామశాస్త్రి గారి కుమారుడు సంగీతరావు గారు హార్మోనియంతో, సంగీతంలో సాయంతో ఏళ్ల తరబడి ఆయన వెంటే ఉన్నారు. జోలె పట్టిన రోజుల నాటి రుణానుబంధం అలా కొనసాగింది.

గీత పాడిన గొంతు

ఆరోగ్యం అప్పటికే బాగాలేదు. చక్కెర జబ్బు. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగానే గుండె నొప్పి వచ్చింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకుని బయటికొచ్చాక భగవద్గీత పాడాలనే కోరిక కలిగింది. శ్లోకాలు ఎంచుకుని, తెలుగు తాత్పర్యం చెబుతూ పాడారు. మనం శవయాత్రల్లో వింటున్న ఆ గొంతు, చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషిది. చావుని పొగడడానికి కాదు, బతికున్నవాళ్లకి ధైర్యం చెప్పడానికి పాడింది. యుద్ధానికి వెనకాడిన అర్జునుడికి లేచి నిలబడమని చెప్పిన మాటలే కదా అవి! రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. 51 ఏళ్లు, అంతే. పోయే ముందురోజు కూడా ఒక డాక్యుమెంటరీకి పాడారు. ఆ వార్త రేడియోలో విని ఆళ్లగడ్డలో మా అవ్వ పొయ్యి ఆర్పేసిందట. ఆయింటి మనిషే పోయినట్టు ఆ పూట వంట చెయ్యలేదు. 2003లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చినప్పుడు తాత ఒకటి తెచ్చిస్తే, దేవుడి పటాల పక్కన అంటించుకుంది.

అందుకే నేను చెప్పేదొకటే. గీత పెట్టుకోండి, తప్పులేదు. కానీ ఆ గొంతుని చావిళ్లకే వదిలెయ్యకండి. పుట్టినరోజుకి మాయాబజార్ పెట్టండి. వంట చేసుకుంటూ గుండమ్మ కథ పాటలు వినండి. పిల్లలు ఆయన పేరు వినగానే ఎవరు పోయారని కాకుండా, ఎవరింట్లో పెళ్లని అడగాలి. మీ ఇంట్లో, మీ వీధిలో ఆయన కచేరీ విన్న పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూచోండి. పాటల పట్టీ అడగొద్దు. ఎలా వెళ్లారో, ఎవరితో పోట్లాడి వెళ్లారో, మూటలో ఏం కట్టుకెళ్లారో అడగండి. రికార్డులు ఎప్పుడైనా వినొచ్చు. ఈ మాటలు చెప్పేవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.