ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగే

ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రుంగే (ఫిబ్రవరి 8, 1794 - మార్చి 25, 1867) జర్మన్ రసాయన శాస్త్రవేత్త. కాఫీ గింజల నుండి కెఫీన్‌ను మొదటిసారిగా వేరుచేసినవాడిగా ప్రసిద్ధుడు. కాని రసాయన పరిశ్రమ చరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన పనిని ఇతను 1834లో చేశాడు. రాక్షసి బొగ్గు నుండి వచ్చే తారులో అనిలీన్, ఫినాల్, పిరోల్, క్వినోలీన్ అనే పదార్థాలు ఉన్నాయని చూపించాడు. అనిలీన్ నుండి కృత్రిమ రంగుల పరిశ్రమ, ఫినాల్ నుండి క్రిమిసంహారక శస్త్రచికిత్స పుట్టాయి. క్వినోలీన్ మాత్రం చాలాకాలం పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. 1987లో తక్కువ వోల్టేజితో సమర్థంగా వెలిగిన తొలి సేంద్రియ కాంతి డయోడు (ఓఎల్ఈడీ) తయారైనప్పుడు, అందులో ఎలక్ట్రాన్లను మోసిన పదార్థం ఈ క్వినోలీన్ సంతతిదే.

బాల్యం, విద్య

రుంగే హాంబర్గ్ నగర సమీపంలోని బిల్వెర్డర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి లూథరన్ చర్చిలో మతగురువు. పెద్ద చదువు చెప్పించే స్తోమత ఆ కుటుంబానికి లేకపోవడంతో రుంగే చిన్న వయసులోనే ల్యూబెక్ పట్టణంలోని ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ ఒకనాడు ఉమ్మెత్త కుటుంబానికి చెందిన ఒక విష మొక్క రసం చుక్క పొరపాటున అతని కంటిలో పడింది. కంటిపాప బాగా విచ్చుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. మరొకరైతే కన్ను కడుక్కుని ఊరుకునేవారే. రుంగే మాత్రం ఈ సంగతిని గుర్తుపెట్టుకుని, ఆ తరువాత విష పదార్థాలను గుర్తించడానికి దీనినే పరీక్షగా మలిచాడు. అనుమానం ఉన్న ద్రవాన్ని పిల్లి కంటిలో వేసి పాప విచ్చుకుంటుందేమో చూడటమే ఆ పరీక్ష.

తరువాత బెర్లిన్, గొట్టింగెన్, యేనా విశ్వవిద్యాలయాలలో వైద్యం చదివి, 1819లో యేనాలో వైద్యశాస్త్ర పట్టా పొందాడు. యేనాలో రసాయనశాస్త్రం బోధించినవాడు డోబరైనర్. మూలకాల వర్గీకరణ పాఠంలో త్రికాలు అనగానే మన విద్యార్థులకు గుర్తువచ్చే డోబరైనర్ ఇతనే.

గోథే ఇచ్చిన కాఫీ గింజలు

మహాకవి గోథే ఆ రోజులలో వైమార్ సంస్థానంలో మంత్రి. యేనాలోని శాస్త్ర సంస్థల పర్యవేక్షణ కూడా అతనిదే. డోబరైనర్ ద్వారా పిల్లి కంటి పరీక్ష గురించి విని, స్వయంగా చూడాలని 1819 అక్టోబరులో రుంగేను పిలిపించుకున్నాడు. రుంగే పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళి పరీక్ష చేసి చూపించాడు. సంతోషించిన గోథే, అప్పట్లో అరుదైన కాఫీ గింజలు కొన్ని అతని చేతికిచ్చి, వీటిని కూడా విశ్లేషించి చూడమని కోరాడు. కొద్ది నెలలలోనే రుంగే వాటినుండి కెఫీన్‌ను వేరుచేసి, 1820లో ఆ సంగతి ప్రచురించాడు. 1821లో ఫ్రాన్సులో రోబికే, పెల్లెతియే, కావెంతూలు ఇతని పనితో సంబంధం లేకుండానే కెఫీన్‌ను కనుగొన్నారు. ఈ కథ చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. రుంగే పేరు ఇంకా మిగిలి ఉండటానికి ముఖ్య కారణం కూడా ఇదే.

ఆ తరువాత బెర్లిన్ చేరి నీలిమందుపై పరిశోధించి 1822లో డాక్టరేటు పొందాడు. అక్కడ అతనితో ఒకే ఇంటిలో ఉన్న మిత్రుడు పొగెన్‌డార్ఫ్ కొద్దికాలానికి ఒక ప్రముఖ భౌతిక, రసాయన శాస్త్ర పత్రికకు సంపాదకుడయ్యాడు. రుంగే 1831 వరకు బ్రెస్లావ్ (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) విశ్వవిద్యాలయంలో బోధించి, తరువాత ఆచార్య పదవిని వదలి పరిశ్రమలోకి వెళ్ళాడు. ఆనాటి విద్వాంసులలో ఇలా చేసినవారు తక్కువ.

తారులో దొరికిన పదార్థాలు

రుంగే చేరినది బెర్లిన్‌కు ఉత్తరాన ఉన్న ఓరానియెన్‌బుర్గ్‌లోని రసాయన కర్మాగారం. అది ఒక పాత రాజభవనంలో నడిచేది. 1826 నుండి బెర్లిన్ వీధులలో గ్యాసు దీపాలు వెలుగుతున్నాయి. గాలి తగలకుండా రాక్షసి బొగ్గును బాగా వేడిచేస్తే ఆ గ్యాసు వస్తుంది. దానితోపాటు నల్లటి, దుర్గంధపూరితమైన తారు కూడా వస్తుంది. గ్యాసు కంపెనీలకు ఈ తారును వదిలించుకోవడమే ఒక సమస్యగా ఉండేది.

రుంగే ఆ తారును ఆమ్లాలతోను, క్షారాలతోను వంతులవారీగా కలిపి, స్వేదనం చేసి, దానిలోని పదార్థాలను విడదీశాడు. ఫలితాలు 1834లో పొగెన్‌డార్ఫ్ పత్రికలోనే వెలువడ్డాయి. తారులోని ఆమ్ల పదార్థానికి కార్బాలిక్ ఆమ్లం అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం ఫినాల్ అంటున్నది దీనినే. బ్లీచింగ్ పౌడరు ద్రావణంతో చక్కని నీలి రంగునిచ్చిన క్షారాన్ని క్యానోల్ అన్నాడు. గ్రీకు భాషలో క్యానోస్ అంటే నీలం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తడిపిన దేవదారు పుల్లను ఎర్రగా మార్చిన పదార్థం పిరోల్ అయింది. ఏ రంగూ ఇవ్వని మరొక క్షారానికి, తెలుపు అనే అర్థం వచ్చేలా, ల్యూకోల్ అని పేరు పెట్టాడు.

1826లో ఉన్వర్‌డార్బెన్ నీలిమందును స్వేదనం చేసి ఒక క్షారాన్ని సంపాదించాడు. 1840లో ఫ్రిట్షె దానినే మళ్ళీ తయారుచేసి అనిలీన్ అని పిలిచాడు. ఇది నీలిమందుకు పోర్చుగీసు పేరైన అనిల్ నుండి వచ్చింది. ఆ అనిల్ అరబ్బీ మీదుగా మన నీల శబ్దం నుండి వచ్చింది. కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాలలో ఒకప్పుడు విస్తారంగా పండించిన నీలి మొక్క పేరే, ఆ పంటను చివరకు దెబ్బతీసిన రంగుల పరిశ్రమకు ముడిసరుకు పేరు కూడా అయింది. ఉన్వర్‌డార్బెన్ పదార్థం, రుంగే క్యానోల్, ఫ్రిట్షె అనిలీన్ అన్నీ ఒకటేనని 1843లో హాఫ్‌మన్ నిరూపించాడు. హాఫ్‌మన్ శిష్యుడు పెర్కిన్ 1856లో క్వినైన్ తయారుచేయబోయి అనిలీన్ నుండి ఊదా రంగును సాధించాడు. అంటే రుంగే తారులో అనిలీన్‌ను చూపిన 22 సంవత్సరాల తరువాత, వేరొక దేశంలో ఆ పరిశ్రమ మొదలయింది. రుంగే స్వయంగా రంగుల రసాయనశాస్త్రంపై గ్రంథాలు వ్రాసినవాడు. ఈ పదార్థాల విలువ అతనికి తెలియకపోలేదు. కాని అతను పనిచేసిన కర్మాగారం ఆ దారి పట్టలేదు.

చివరి సంవత్సరాలు

1850 ప్రాంతంలో కర్మాగారం చేతులు మారింది. కొత్త యాజమాన్యం 1852లో రుంగేను ఉద్యోగం నుండి తొలగించింది. అవివాహితుడైన రుంగే ఆ తరువాత చిన్న పింఛనుతో ఓరానియెన్‌బుర్గ్‌లోనే కాలం గడిపాడు. పరిశోధనశాల దూరమైనా ప్రయోగాలు మానలేదు. అద్దుడు కాగితంపై ఒక ద్రావణం చుక్క, దానిపై మరొక ద్రావణం చుక్క వేస్తే రంగురంగుల వలయాలు వ్యాపిస్తాయని గమనించి, ఈ చిత్రాలతో 1850లోను, 1855లోను పుస్తకాలు వెలువరించాడు. ఏ రెండు చుక్కలూ ఒకేలా వ్యాపించవు కాబట్టి వీటిని అచ్చువేయడం కుదరదు. ప్రతి ప్రతిలోను నిజమైన కాగితాలనే అతికించవలసి వచ్చింది. పదార్థాలకు ఆకృతిని పొందే సహజ ప్రేరణ ఏదో ఉందని రుంగే చెప్పిన వివరణ నిలబడలేదు గాని, అతను గమనించిన విషయం నిజమే. కాగితంపై పదార్థాలు విడిపోయే ఈ పద్ధతినే సుమారు 90 సంవత్సరాల తరువాత మార్టిన్, అతని సహచరులు పేపర్ క్రొమటోగ్రఫీగా అభివృద్ధి చేశారు.

1866లో గృహిణులకు ఉపయోగపడే విషయాలను ఉత్తరాల రూపంలో వ్రాసి ప్రచురించాడు. గోథేను కలిసిన ముచ్చట ఇందులోనే ఉంది. మరుసటి సంవత్సరం మార్చి 25న పేదరికంలో మరణించాడు. కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కుళ్ళకుండా కాపాడవచ్చునని చెబుతూ లిస్టర్ వ్రాసిన తొలి వ్యాసం లాన్సెట్ పత్రికలో వచ్చి అప్పటికి తొమ్మిది రోజులే అయింది.

క్వినోలీన్, ఎలక్ట్రాన్ల రవాణా

ఇక ల్యూకోల్ సంగతి. 1842లో ఫ్రెంచి రసాయనికుడు జెరార్ సింకోనా బెరడులోని క్షారాలను పొటాష్‌తో వేడిచేసి ఒక నూనెవంటి ద్రవాన్ని పొందాడు. అది, తారులోని ల్యూకోల్ ఒకటేనని తరువాత తేలి, క్వినోలీన్ అన్న పేరు స్థిరపడింది. దీని అణువులో ఒక బెంజీన్ వలయం, నత్రజని ఉన్న మరొక వలయం అతుక్కుని ఉంటాయి. 1880లో స్క్రౌప్ అనిలీన్, గ్లిసరాల్‌లతో క్వినోలీన్‌ను తయారుచేసే పద్ధతిని కనుగొన్నాడు. ఆ పద్ధతితోనే 8-హైడ్రాక్సీక్వినోలీన్ కూడా తయారవుతుంది. ఇది లోహ అయానులను గట్టిగా పట్టుకుని అవక్షేపంగా దిగుతుంది. అందుచేత 20వ శతాబ్దంలో అల్యూమినియం వంటి లోహాల పరిమాణాన్ని కొలవడానికి పరిశోధనశాలలలో దీనిని వాడారు. ఒక అల్యూమినియం అయాను చుట్టూ ఇటువంటి అణువులు మూడు చేరితే ఏర్పడే పదార్థాన్ని క్లుప్తంగా ఆల్‌క్యూ3 అంటారు.

సేంద్రియ పదార్థం విద్యుత్తుతో వెలగాలంటే ఒక వైపు నుండి ఎలక్ట్రాన్లు, మరొక వైపు నుండి రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీ స్థానాలు, ఇవి ధనావేశంలా ప్రవర్తిస్తాయి) వచ్చి కలవాలి. 1960లలో ఆంత్రసీన్ స్ఫటికాలతో ఇది సాధ్యమైంది గాని వందల వోల్టులు కావలసివచ్చేది. ఆంత్రసీన్ కూడా తారు నుండి దొరికినదే కావడం గమనించదగ్గది. ఇబ్బంది ముఖ్యంగా ఎలక్ట్రాన్ల వైపే. సేంద్రియ పదార్థాలలో చాలావరకు ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకుంటాయి గాని అదనపు ఎలక్ట్రాన్‌ను స్వీకరించవు. స్వీకరించినా, లేశమాత్రపు ఆక్సిజన్ ఉంటే చాలు, అది మధ్యలోనే పట్టేసుకుంటుంది.

1987లో ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఒక పొరకు బదులు రెండు పొరలు వాడారు. రెండూ 100 నానోమీటర్లకంటె పలుచనివే. రంధ్రాలను మోయడానికి ఒక డయమీన్ పొర, ఎలక్ట్రాన్లను మోయడానికి ఆల్‌క్యూ3 పొర. రెండూ కలిసే సరిహద్దు వద్ద ఆకుపచ్చని కాంతి వెలువడింది. 10 వోల్టులలోపే చదరపు మీటరుకు 1000 కాండెలాలకు మించిన ప్రకాశం లభించింది. క్వినోలీన్‌లోని నత్రజని వలయం ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. కాథోడ్ నుండి వచ్చిన ఎలక్ట్రాన్ ముఖ్యంగా ఆ వలయంపైనే నిలిచి, అక్కడి నుండి పక్క అణువుకు దూకుతుంది. ఆల్‌క్యూ3లో రంధ్రాలకంటె ఎలక్ట్రాన్లు ఇంచుమించు వంద రెట్లు సులువుగా కదులుతాయి. శూన్యంలో ఆవిరిచేసి పలుచని పొరగా పూయవచ్చు, ఆ పొర త్వరగా స్ఫటికీకరించదు. ఏ రంగూ ఇవ్వదని రుంగే తెలుపు పేరు పెట్టిన పదార్థం ఇలా ఆకుపచ్చగా వెలిగింది.

ఆల్‌క్యూ3 లోపాలు లేనిది కాదు. రంధ్రాలు దానిలోకి చొరబడితే అణువులు క్రమంగా చెడిపోయి తెర మసకబారుతుంది. అందుచేత ట్రయజీన్, బెంజిమిడజోల్, ఫెనాంత్రోలీన్ వలయాలు గల మరింత మెరుగైన ఎలక్ట్రాన్ రవాణా పదార్థాలు తరువాత వచ్చాయి. ఇవి కూడా నత్రజని వలయాల మీద ఆధారపడినవే. అయినా 8-హైడ్రాక్సీక్వినోలీన్ లిథియం లవణాన్ని ఎలక్ట్రాన్ రవాణా పొరలో కలపడానికి, కాథోడ్ నుండి ఎలక్ట్రాన్లు సులువుగా లోపలికి రావడానికి ఇప్పటికీ వాడుతున్నారు.