పావులూరి మల్లన

తెలుగులో కావ్యాలు రచించి కీర్తి గడించినవారు అనేకులు. లెక్కలను పద్యాలలో కూర్చి చిరస్మరణీయుడైన ప్రాచీన కవి పావులూరి మల్లన. తెలుగులో తొలి శాస్త్రగ్రంథకర్తగా పండితులు ఆయనను గౌరవిస్తారు.

మల్లన తండ్రి శివ్వన, తల్లి గౌరమ్మ. కమ్మనాటిలోని పావులూరు వీరి స్థానం. క్రీ.శ. 1022లో వేంగీ సింహాసనాన్ని అధిష్ఠించిన రాజరాజనరేంద్రుడు పిఠాపురం చెంతనున్న నవఖండవాడను మల్లనకు దానమిచ్చాడు. దానం పొందినవాడే గ్రంథకర్త అని, నన్నయకు సమకాలికుడని కొందరి అభిప్రాయం. దానం పొందినవాడు తాత అని, అదే పేరుగల మనుమడు గ్రంథాన్ని రచించాడని మరికొందరి వాదం.

ఆ కాలంలో శాస్త్రాలకు సంస్కృతమే నెలవు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో జైన పండితుడు మహావీరాచార్యుడు రచించిన 'గణితసార సంగ్రహం' కూడ సంస్కృత గ్రంథమే. భూమిని కొలిచే కరణానికి, ధాన్యం అమ్మే వర్తకునికి లెక్క నిత్యావసరం. కాని సంస్కృతం రానివారికి ఆ శాస్త్రం అందని ఫలంగానే ఉండేది. ఈ కొరతను గుర్తించిన మల్లన ఆ గ్రంథాన్ని 'సారసంగ్రహ గణితం' అనే పేరుతో తెనిగించాడు. శివభక్తుడైన ఆయన మూలంలోని జైనమత ప్రస్తావనలను తొలగించి, శైవానికి అనుగుణంగా మార్చుకొన్నాడు.

మహావీరుని గ్రంథంలోని ప్రకీర్ణక ప్రకరణంలో నేటి సరళ సమీకరణాల వంటి సమస్యలున్నాయి. ఒక తోటలో సగం మామిడి చెట్లు, మూడవ వంతు కొబ్బరి చెట్లు, మిగిలినవి 5 పనస చెట్లు అనుకొందాం. మొత్తం చెట్లెన్ని? నేటి విద్యార్థి మొత్తాన్ని 'ఎక్స్' అనుకొని సమీకరణం రాస్తాడు. ప్రాచీనులు అక్షరంతో పని లేకుండానే దీనిని సాధించారు. సగాన్ని, మూడవ వంతును కలిపితే ఆరింట ఐదు వంతులు. ఒకటి నుండి దానిని తీసివేస్తే మిగిలేది ఆరవ వంతు. కంటికి కనిపించే 5ను ఆ ఆరవ వంతుతో భాగిస్తే 30 వస్తుంది. పద్ధతులు వేరైనా ఫలితం ఒక్కటే.

మల్లన గణితం ఆనాటి నాణేలను, కొలతలను తెలిపే చారిత్రకాధారం కూడ. కఠినమైన శాస్త్రాన్ని సైతం మాతృభాషలో చెప్పవచ్చునని దాదాపు తొమ్మిది శతాబ్దాలకు పూర్వమే నిరూపించిన మల్లన తెలుగువారికి ప్రాతఃస్మరణీయుడు.